సెల్ఫ్ స్టార్టర్ సృష్టికర్త చార్లెస్ కెటరింగ్

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవిత చరిత్ర రావడం ఆనవాయితీ. అంబేడ్కర్, ఫూలే, జాషువా గార్ల గురించి మాకంటే ముందు ఇక్కడ చదువుకున్న అన్నలు చక్కగా రాశారు. వాటిని చదువుకునే మేమూ పెద్దవాళ్లమయ్యాం. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి అమెరికావాడు. అక్కడ ఆయన పేరిట ఒక ఊరు ఉంది, ఒక పెద్ద కేన్సర్ సంస్థ ఉంది. మన దగ్గర ఆయన పేరు తెలియనివారు ఉండవచ్చు గాని ఆయన వస్తువు పేరు తెలియనివారు ఉండరు. బస్టాండులో డ్రైవరు తాళం తిప్పి, మళ్లీ తిప్పి, విసుగ్గా కిందికి దిగి సెల్ఫ్ కొట్టడం లేదంటాడు చూడండి, ఆ సెల్ఫ్‌ను కార్లలో నిలబెట్టిన మనిషి చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్.

ఆయనే ఎందుకంటే చిన్న కథ చెప్పాలి. మా నాన్న మా మండలంలో ఒకరి జీపు నడిపేవారు. మేము ఆరో తరగతిలో ఉండగా ఆ జీపు ఉన్నట్టుండి సెల్ఫ్ కొట్టడం మానేసింది. రోజూ కాదు. ఒకరోజు కొట్టేది, మూడు రోజులు కొట్టేది కాదు. సంత రోజున జనమంతా ఎక్కి కూర్చున్నాక మొరాయిస్తే, ఎక్కినవాళ్లే దిగి తోసేవారు. యజమాని బ్యాటరీ మార్పించారు. మెకానిక్ సెల్ఫ్ మోటారు దించి కార్బన్ బ్రష్‌లు వేశాడు, ఆర్మేచర్ కొత్తగా చుట్టించాడు. అయినా అదే తంతు. చివరికి నాన్నకు బండి వాడడం రాదని, ఊరికే తాళం తిప్పి తిప్పి మోటారు కాల్చేస్తున్నాడని తేల్చి, ఆ ఖర్చు రెండు నెలల జీతంలో పట్టుకున్నారు. మేము హాస్టల్‌లో ఉన్నాం కాబట్టి మా తిండికి లోటు రాలేదు. ఇంటి దగ్గర అమ్మకు, చెల్లెలికి వచ్చింది.

తర్వాత పక్క ఊరి ముసలి ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చారు. ఆయన మోటారు జోలికే పోలేదు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ఒక వైరు ముక్కతో బ్యాటరీ నుంచి సొలనాయిడ్ మీది చిన్న టెర్మినల్‌కు కరెంటు ఇచ్చారు. సెల్ఫ్ గిర్రున తిరిగింది. అలా నాలుగైదు సార్లు చేశారు, ప్రతిసారీ తిరిగింది. దోషం తాళం పెట్టే స్విచ్‌లో ఉంది. లోపలి రాగి కాంటాక్టు అరిగి, తాళం చివరిదాకా తిప్పినా ఒక్కోసారి అంటుకుని ఒక్కోసారి అంటుకోవడం లేదు. కొత్త స్విచ్ ఖరీదు మోటారు చుట్టించిన ఖర్చులో పదో వంతు కూడా కాదు. పట్టుకున్న జీతం మాత్రం తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఈ సెల్ఫ్ అనే దాన్ని ఎవరు కనిపెట్టారో తెలుసుకోవాలని మాకు కోరిక. అది తీరింది యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చాకే.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న ఒహాయో రాష్ట్రంలో లౌడన్‌విల్ దగ్గర ఒక పొలంలో పుట్టారు. ఐదుగురు పిల్లల్లో నాలుగోవారు. చిన్నప్పటి నుంచి చూపు తక్కువ. కాసేపు పుస్తకం పట్టుకుంటే తలనొప్పి వచ్చేది. స్కూలు చదువు కాగానే పల్లెటూరి బడిలో పంతులుగా చేరి, ఆ డబ్బుతో కాలేజీ చదవాలనుకున్నారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరారు గాని కళ్లు సహకరించక మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. ఇక చదువు రాదనుకుని టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో కలిశారు. గుంతలు తవ్వడం, స్తంభాలు పాతడం, తీగలు లాగడం. ఆరుబయట పని చేస్తూ ఉండగా ఆరోగ్యం కుదుటపడింది, విద్యుత్తు మీద చెయ్యి కూడా తిరిగింది. కొంతకాలానికి మళ్లీ కాలేజీకి వెళ్లారు. ఈసారి తోటి విద్యార్థులు పాఠాలు బిగ్గరగా చదివి వినిపిస్తే, విని గుర్తు పెట్టుకున్నారు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరు పట్టా తీసుకునేనాటికి ఆయనకు 28 నిండబోతున్నాయి.

ఈ భాగం చదివినప్పుడు మాకు మన పాత స్టడీ హాలు గుర్తొచ్చింది. కళ్లజోడు పగిలి, కొత్తది కొనే స్తోమత లేక ఇబ్బంది పడ్డ మిత్రుడికి ఒక పరీక్షల సీజనంతా వంతులు వేసుకుని సోషల్ చదివి వినిపించాం. మాకు కూడా ఆ సోషల్ మార్కులు అందువల్లే వచ్చాయి.

పట్టా రాగానే కెటరింగ్ డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరారు. డేటన్ అంటే రైట్ సోదరుల ఊరు. దుకాణాల్లో డబ్బు లెక్క పెట్టే ఆ యంత్రాన్ని అప్పట్లో చేతి మీటతో తిప్పాలి. దాన్ని కరెంటుతో నడిచేలా చేయమన్నారు. ఆయన గమనించిందేమంటే, ఆ మీట రోజంతా తిరగదు. సొరుగు తెరుచుకునే క్షణంలో మాత్రం గట్టి తోపు కావాలి, ఆ తర్వాత మోటారుకు విశ్రాంతే. అలాంటప్పుడు రోజంతా నడవగల పెద్ద మోటారు దేనికి? చిన్న మోటారునే ఆ ఒక్క క్షణం దాని శక్తికి మించి వాడుకుంటే చాలు. వేడెక్కేలోపల పని అయిపోతుంది. ఈ గమనింపే తర్వాత కారులోకి వచ్చింది.

అదే కంపెనీలో ఉన్నతోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఆయనకు మిత్రుడయ్యారు. డీడ్స్ ఇంటి వెనుక కొట్టంలో రాత్రుళ్లు, శని ఆదివారాలు కొందరు సహోద్యోగులతో కలిసి కెటరింగ్ కారు పనులు మొదలుపెట్టారు. మొదట చేసింది ఇంజనులో పెట్రోలును మండించే ఇగ్నిషన్ పరికరం. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలండ్‌కు అది నచ్చి 8 వేల సెట్లకు ఆర్డరిచ్చారు. దాంతో 1909లో ఉద్యోగం వదిలి, డీడ్స్‌తో కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీ స్థాపించారు. దాని పొట్టి పేరే డెల్కో.

ఆ రోజుల్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. మన ఊళ్లలో పాత లారీలకు రాడ్డు వేసి తిప్పడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. నిప్పు రవ్వ ముందుగా పడితే ఇంజను ఎదురు తన్నుతుంది, హ్యాండిల్ వెనక్కి కొడుతుంది. మణికట్లు, దవడలు విరిగేవి. కార్టర్‌కార్ కంపెనీ స్థాపించిన బైరన్ కార్టర్ దారిలో ఆగిపోయిన ఒక కారుకు సాయం చేయబోయి హ్యాండిల్ దెబ్బ తిని, ఆ తర్వాత న్యుమోనియాతో చనిపోయారని, ఆ దుఃఖంతోనే లేలండ్ హ్యాండిల్ లేని కారు కోసం పట్టుబట్టారని చాలా పుస్తకాలు చెబుతాయి. కాని ఆ కథను 1910 చలికాలంలో జరిగినట్లు చెబుతారు, కార్టర్ చనిపోయింది 1908లో. కథలో కొంత అతుకు ఉన్నట్టే మాకు తోస్తోంది. ప్రమాదాలు మాత్రం నిజం, లేలండ్ పట్టుదలా నిజం.

కరెంటుతో ఇంజను తిప్పాలన్న ఆలోచన కెటరింగ్ ఒక్కరిదే కాదు. 1903లోనే క్లైడ్ కోల్మన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. అయితే లెక్కలు వేసినవాళ్లందరూ ఇంజనును తిప్పాలంటే దాదాపు ఇంజనంత మోటారు, దానికి తగ్గ బ్యాటరీలు కావాలని వదిలేశారు. కెటరింగ్‌కు క్యాష్ రిజిస్టర్ గుర్తొచ్చింది. ఇంజనును తిప్పాల్సింది కొన్ని సెకన్లే కదా! చిన్న మోటారు తీసుకుని, పళ్ల చక్రాలతో దాని బలాన్ని పెంచి, నాలుగు 6 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు ఇచ్చారు. ఇంజను అందుకున్నాక అదే మోటారు జనరేటరుగా మారి, 6 వోల్టుల మీద బ్యాటరీలను తిరిగి నింపేది. ఇగ్నిషన్, దీపాలు, స్టార్టింగు మూడూ ఒకే ఏర్పాటు కిందికి వచ్చాయి. ఈనాటి బండి వైరింగు అంతటికీ మూలం అక్కడుంది.

1911 ఫిబ్రవరిలో కాడిలాక్ కారు మీద అది పనిచేసింది. వెంటనే 12 వేల సెట్లు కావాలన్నారు. డెల్కో అప్పటిదాకా సొంత ఫ్యాక్టరీ కూడా సరిగా లేని సంస్థ. అయినా పని మీద వేసుకుని 1912 మోడల్ కార్లకు అందించారు. బ్రిటన్‌లో ఇచ్చే డ్యూవార్ ట్రోఫీ కాడిలాక్‌కు రెండోసారి దక్కింది ఈ పనికే. 1915 ఆగస్టు 17న కెటరింగ్‌కు పేటెంటు వచ్చింది. ఫోర్డ్ కంపెనీ సామాన్యుల కారైన మోడల్ టీ కి కూడా 1919 నాటికి సెల్ఫ్ వచ్చింది. హ్యాండిల్ తిప్పే బలం లేనందున కారుకు దూరంగా ఉండిపోయిన ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కూడా డ్రైవింగు సీట్లో కూర్చున్నారు. బలమున్నవాడిదే బండి అన్న రోజులు పోవడం మాకు ఆయన చేసిన పనులన్నిటిలోకీ పెద్దదనిపిస్తుంది.

ఇప్పటి బండిలో అదే పద్ధతి కొంచెం మారింది. సెల్ఫ్ మోటారు తీసుకునే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు తాళం స్విచ్ గుండా పోతే స్విచ్ మాడిపోతుంది. అందుకే తాళం తిప్పినప్పుడు స్విచ్ గుండా కొద్దిపాటి కరెంటే సొలనాయిడ్‌కు వెళుతుంది. సొలనాయిడ్ పళ్ల చక్రాన్ని ఫ్లైవీల్ వైపు నెట్టి, బ్యాటరీని నేరుగా మోటారుకు కలుపుతుంది. కాబట్టి తాళం తిప్పితే టక్కున చప్పుడొచ్చి ఆగిపోతే ముందు బ్యాటరీని, దాని టెర్మినళ్లను, సొలనాయిడ్‌ను చూడాలి. లైట్లు బాగా వెలుగుతూ, తాళం తిప్పినా ఏ చప్పుడూ లేకపోతే మోటారు దించకముందు స్విచ్‌ను, అక్కడి నుంచి వచ్చే వైరును అనుమానించాలి. డ్రైవింగు లైసెన్సు తీసుకున్న తమ్ముళ్లు ఇది గుర్తు పెట్టుకుంటే ఇంట్లో డబ్బు మిగులుతుంది.

డెల్కో చివరికి జనరల్ మోటార్స్‌లో కలిసింది. 1920 నుంచి 1947లో పదవీ విరమణ చేసేవరకు ఆ కంపెనీ పరిశోధన విభాగానికి కెటరింగే అధిపతి. కారు రంగు ఆరడానికి వారాలు పట్టే రోజుల్లో దాన్ని గంటల పనిగా మార్చిన డ్యూకో రంగు, రైళ్లను లాగే డీజిల్ ఇంజన్లు ఆ విభాగం చెయ్యి పడిన పనులే. అన్నీ గెలుపులే కావు. నీళ్లు అక్కర్లేకుండా రాగి రేకులతో చల్లబడే ఇంజను ఒకటి తయారు చేశారు. 1923లో షెవర్లే కార్లలో పెడితే అవి వేడెక్కి మొరాయించాయి. తయారైన 759 కార్లలో అమ్ముడుపోయినవాటిని కంపెనీ వెనక్కి రప్పించింది. కెటరింగ్ రాజీనామా లేఖ రాశారు. కంపెనీ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ ఒప్పుకోలేదు.

ఇక్కడిదాకా రాసి మేము ఆగిపోతే ఈ వ్యాసం నడకకు బాగుండేది. కాని ఆయన జీవితంలో ఇంకో పని ఉంది. ఇంజను మరింత శక్తినివ్వకుండా అడ్డుపడుతున్నది నాకింగ్ అనే చప్పుడు. దానికి విరుగుడు కనిపెట్టమని కెటరింగ్ తన దగ్గరి థామస్ మిడ్జ్‌లీకి అప్పగించారు. 1921 డిసెంబరులో మిడ్జ్‌లీ టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం పట్టుకున్నారు. పెట్రోలులో కొద్దిగా కలిపితే నాకింగ్ పోయింది. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే మొదట అమ్మారు. అమ్మకం కోసం పెట్టిన కంపెనీకి కెటరింగే అధ్యక్షుడు. సరుకుకు ఎథిల్ అని పేరు పెట్టారు, సీసం అన్న మాట పేరులో లేదు. సీసం విషమని అప్పటికి తెలియనిదేమీ కాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ రసాయనం తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు చనిపోయారు. 1925లో అమ్మకం ఆపి, ప్రభుత్వం సమావేశం జరిపితే, కెటరింగ్ అక్కడ నిలబడి దాన్ని సమర్థించారు. ఆల్కహాలు కలిపితే నాకింగ్ తగ్గుతుందని ఆయన ప్రయోగశాలే అంతకుముందు గమనించి ఉంది. 1926లో అమ్మకం మళ్లీ మొదలైంది.

ఆ పొగ రోడ్డు పక్క పిల్లల రక్తంలోకి, మెదడులోకి సీసం చేర్చిందని లోకం ఒప్పుకోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. మన దేశంలో సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరిలో ఆగింది. ప్రపంచంలో అందరికంటే చివరగా 2021లో అల్జీరియాలో ఆగింది. మిడ్జ్‌లీ అక్కడే ఫ్రిజ్‌ల కోసం చేసిన ఫ్రియాన్ వాయువు ఓజోన్ పొరను తినేసిందని కూడా తర్వాత తేలింది. ఫ్రియాన్ విషయంలో వాళ్లకు ముందు తెలిసే అవకాశం లేదు, దానికి తప్పు పట్టలేం. సీసం అలా కాదు. చనిపోయిన ఐదుగురూ కూలి పనివాళ్లు. బడికి పోని మా తాతలు కూడా అలాంటి పనులే చేశారు. అందుకని ఈ ఒక్క విషయంలో కెటరింగ్‌ను మేము క్షమించలేకపోతున్నాం. ఎక్కడ లోపం ఉందో పట్టి చూడడంలో అంత పేరున్న మనిషి తన సరుకులోని లోపం దగ్గర చూపు తిప్పుకున్నారు.

1945లో స్లోన్, కెటరింగ్ ఇద్దరి పేర్లతో న్యూయార్కులో కేన్సర్ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1955లో డేటన్ పక్కన కొత్త నగరానికి కెటరింగ్ అని ఆయన బతికుండగానే పేరు పెట్టారు. భార్య ఆలివ్ 1946లోనే పోయారు. 1958 నవంబరు 25న డేటన్‌లో 82 ఏళ్ల వయసులో కెటరింగ్ కన్నుమూశారు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఆయన పని చేసిన అదే జనరల్ మోటార్స్‌లో జరిగింది కూడా చెప్పాలి. కొన్ని సాటర్న్ అయాన్, షెవర్లే కోబాల్ట్ కార్లకు పెట్టిన ఇగ్నిషన్ స్విచ్ నాసిరకంగా ఉంది. మొదట్లో చలిలో అయాన్ కార్లు స్టార్ట్ కావడం లేదన్న ఫిర్యాదులు వస్తే ఆ విద్యుత్ లోపం మీదే దృష్టి పెట్టారు. అసలు ప్రమాదం ఇంకొకటి. స్విచ్‌లో పట్టు చాలక, కారు నడుస్తుండగానే తాళం జారి ఇంజను ఆగిపోయేది. స్టీరింగు బిగుసుకునేది, గుద్దుకుంటే ఎయిర్ బ్యాగులు తెరుచుకునేవి కావు. నడిచే కారు ఆగిపోవడాన్ని కంపెనీవాళ్లు వాడేవారికి అసౌకర్యంగా లెక్కవేశారే గాని ప్రాణాపాయంగా లెక్కవేయలేదు. 2006లో స్విచ్‌ను మార్చారు, పార్టు నంబరు మాత్రం మార్చలేదు. దాంతో పాతదేదో కొత్తదేదో వెతికేవాళ్లకే తెలియలేదు. 2014లో 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. నష్టపరిహార నిధి 124 మరణాలను అంగీకరించింది. మరుసటి ఏడు కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది. టెక్సాస్‌లో ఒక యువతి తాను నడిపిన కారు ప్రమాదంలో తన స్నేహితుడు చనిపోతే, తప్పు తనదేనని కోర్టులో ఒప్పుకుని ఏళ్ల తరబడి దోషిగా బతికింది. 2014 నవంబరులో కోర్టు ఆమె నిర్దోషి అంది. ఈ సంగతి చదివిన రాత్రి మేము నాన్నకు ఫోన్ చేశాం.

నాన్న ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నారు. సీటు కింద మూరెడు వైరు ముక్క ఒకటి చుట్టి పెట్టుకునే ఉంటారు. కెటరింగ్ కథంతా విని, మోటారు ఆయన చేశాడు సరే, ఆ తాళం స్విచ్ ఎవరు తగిలించారని అడిగారు. తాళం తిప్పి స్టార్ట్ చేసే పద్ధతి 1949లో క్రిస్లర్ కార్లలో వచ్చిందని, కెటరింగ్ మొదట చేసిన కారులో సెల్ఫ్‌ను కాలితో తొక్కి అందించేవారని చెప్పాం. అదే నయం కదా అని నవ్వి, పొద్దున్నే లోడు ఉంది, పడుకోమన్నారు.